ఫలం అంటిన వస్త్రం

ముండకోపనిషత్తు మూడో ముండకం మొదట్లోనే ఒక చెట్టు, దాని మీద రెండు పక్షులు కనిపిస్తాయి. ఒకటి పండు తింటుంది. రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. తినేది జీవుడనీ, చూసేది ఈశ్వరుడనీ పెద్దలు చెబుతారు. పండు తిన్నవాడికే దాని మరక అంటుతుంది. ఆ మరకను ఎలా వదిలించుకోవాలన్నదే సాధకుడి ప్రశ్న.

వానలకు మొహం వాచిన రాయలసీమలో, కర్నూలు, కడప నేలలో తీపికి మాత్రం కరువు లేదు. బనగానపల్లె మామిడి, పులివెందుల, రైల్వేకోడూరు తోటల అరటి, తొలకరి వేళ నేరేడు. ఏ పండైనా నాలుకకు తీపినిచ్చే రసమే బట్ట మీద డాగవుతుంది. ఇక్కడి ఇల్లాళ్లకూ చాకళ్లకూ బాగా తెలిసిన ఈ సంగతిలో మనసును ఉతుక్కునే శాస్త్రం కూడా ఉంది.

అరటి కరనే చూడండి. గెల కోసేటప్పుడు చొక్కా మీద పడిన బొట్టు నీళ్లలాగే ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. గాలి తగిలేకొద్దీ అందులోని వగరు పదార్థం గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. అప్పుడు ఎంత బాదినా వదలదు. మనసులో పాత పనుల జాడలైన వాసనలు కూడా ఇలాగే పుడతాయి. ఒక చిన్న అసూయ, ఎవరూ వినలేదనుకున్న ఒక మాట ఆ క్షణాన రంగులేనివే. చేసిన పని తాలూకు సంస్కారం లోపల దాగి, అదను చూసి ఫలిస్తుందని పతంజలి చెప్పింది ఈ ప్రమాదం గురించే. కంటికి కనబడలేదు కనుక అంటలేదనుకోవడమే మొదటి అజ్ఞానం.

నేరేడు మరక మరో పాఠం చెబుతుంది. ఆ ఊదారంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలానికి తిరుగుతుంది. అందుకే తొందరపడి బట్టల సబ్బు రుద్దితే మరక పోకుండా రంగు మార్చి కూర్చుంటుంది. తప్పు చేశాక మనం వెతుక్కునే సమర్థనలు అలాంటి సబ్బే. కోపానికి న్యాయమని, పిసినారితనానికి జాగ్రత్త అని పేరు పెడతాం. రంగు మారిందే గాని మరక కదల్లేదు. ముందు ఉత్త చన్నీళ్లతో తడపాలి. అంటే జరిగినదాన్ని జరిగినట్టు ఒప్పుకోవాలి. ఆ తర్వాత నిమ్మరసం. పశ్చాత్తాపంలో ఆ పులుపు ఉండాలి. మరక ఉండగానే ఇస్త్రీ పెట్టె ఆనిస్తే అది దారంలో దిగబడిపోతుంది. ఆవేశం కూడా దోషాన్ని అలాగే స్థిరపరుస్తుంది.

నీటి విలువ తెలిసిన సీమవాసికి ఇంకొకటి చెప్పనక్కర్లేదు. పడిన వెంటనే అయితే చెంబెడు నీళ్లతో పోయే మరకకు, నాలుగు రోజులు ఆగితే బిందెలు చాలవు. సంధ్యావందనంలో సాయంకాలం పగటి పాపాలకూ, తెల్లవారి రాత్రి పాపాలకూ క్షాళన కోరుతూ చేసే మంత్రాచమనానికి అరచేతిలో కాసిన్ని నీళ్లే చాలు. ఏ పూట దోషాన్ని ఆ పూటే కడుక్కోమన్న పెద్దల మాటలో ఎంత కరుణ ఉందో!

అలాగని బట్టను హింసించకూడదు. బ్లీచింగు పొడి మోతాదు మించితే మరకతో పాటు నూలునూ తినేస్తుంది. తమ దేహాన్నీ, అందులో ఉన్న భగవంతుణ్ణీ పీడించే ఘోర తపస్సును గీత పదిహేడో అధ్యాయం ఆసురమంది. ఆత్మనింద సాధన కాదు. వస్త్రం వేరు, మరక వేరు అని మరవని చేతికే ఉతకడం తెలుస్తుంది.

ఇంతకన్నా లోతైన రహస్యం ఇదే రాయలసీమలో, శ్రీకాళహస్తి కలంకారీలో ఉంది. అక్కడి కళాకారులు కరక్కాయ రసం, గేదెపాలు కలిపి, తెల్లని నూలుబట్టను అందులో ముంచుతారు. కరక్కాయ వగరు మరక చేసేదే. ఇనుము, బెల్లం నానబెట్టి పులియబెట్టిన నీళ్లలో కలం ముంచి ఆ బట్ట మీద గీత గీస్తే, ఆ వగరూ ఇనుమూ కలిసి చెరగని నలుపవుతుంది. ఆ గీతల్లో రాముడు, కృష్ణుడు రూపు దిద్దుకుంటారు. ఆ వస్త్రాలు గుళ్లలో తెరలయ్యాయి. బట్ట మీద అజాగ్రత్తగా ఒలికితే డాగయ్యే వగరు, దేవుడి కోసం భక్తితో పూసినప్పుడు ఆయన రూపాన్నే నిలబెట్టింది.

కర్మ మానేస్తే మరక ఉండదని కొందరంటారు. బట్టను పెట్టెలో దాచినా మడతల్లో పసుపుబారుతుంది. గీత చూపిన దారి వేరు: పని చెయ్యి, దాని ఫలాన్ని ఈశ్వరుడికి అర్పించు. నాకోసమని నోట వేసుకున్న ఫలం ఒలుకుతుంది. ఆయనకోసమని పట్టుకున్న ఫలం చిత్రమవుతుంది. పాత మరకలను ఓపికగా కడుక్కుంటూ, ఈ రోజు చేసే పనిని ముందుగానే ఆయన పేర పెట్టడం, సంసారంలో ఉన్న మనబోటివాళ్లకు అందుబాటులో ఉన్న యోగం.