పాదవేదన - పుట్టుక - ధర్మము



మానవునికి పెద్దలనుండి సంక్రమించునవి రెండు విధములు. పొలము, ఇల్లు, నగలు పంచుకొనదగినవి. రూపు, కంఠము, రోగము పంచుకొన వీలులేనివి. ఆస్తి వచ్చినప్పుడు పెద్దల పుణ్యమందుము. రోగము వచ్చినప్పుడు మాత్రము "ఏ జన్మలో చేసిన పాపమో" అని రోగినే నిందింతుము. ఇది న్యాయమా? ఈ ప్రశ్నను కొంత విచారింతము.

కోట్‌పల్లి ప్రాజెక్టు క్రింద సేద్యము చేసికొను ఒక రైతును ఊహింపుడు. చిన్ననాటినుండి అతని పాదముల వంపు ఎక్కువ. వ్రేళ్లు కొంకరపోయినవి; పిక్కలు సన్నబడినవి. అడుగు వేయునపుడు పాదము ముందుభాగము వాలిపోవును గనుక మోకాలు ఎత్తి నడచును. కందిచేనిలో ప్రొద్దంతయు నిలిచిన నాడు సాయంకాలమునకు చీలమండలు వాచును. రాత్రి అరికాళ్లు మండును. అతని తండ్రి నడకయు ఇట్టిదే. వాపు చూచి ఒకరు బోదకాలందురు. స్పర్శ లేదని విని మరియొకరు కుష్ఠమేమో అని జంకుదురు. కుష్ఠమైనను మందుతో నయమగునదే అని తలంపరు. మూడవవారు సోమరితనమని నవ్వుదురు.

ఇట్టి లక్షణములు గల వంశపారంపర్య నాడీవ్యాధి ఒకటి కలదు. 1886లో ఫ్రాన్సు దేశమున షార్కో, మారీ అను వైద్యులును, ఇంగ్లండున టూత్ అను వైద్యుడును దీనిని వర్ణించిరి. అందుచే దీనికి షార్కో-మారీ-టూత్ వ్యాధి అని పేరు. సుమారు 2,500 మందిలో ఒకరికి ఇది ఉండునని అంచనా. ఎక్కువగా కనిపించు రకమునకు 17వ క్రోమోజోములోని ఒక చిన్న భాగము రెట్టింపగుటయే కారణమని 1991లో తేలినది. ఆ రకము తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నచో ప్రతి బిడ్డకును సగము అవకాశము. మరికొన్ని రకములు, ఆరోగ్యవంతులైన తల్లిదండ్రుల నుండి చెరియొక దోషము చేరినపుడే బయటపడును. మేనరికములలో ఇట్టి కలయికకు అవకాశము హెచ్చు.

అన్నకు వచ్చి తమ్మునికి రాకపోవుట నాణెము బొమ్మో బొరుసో పడుట వంటిది. బొరుసు పడుట ఎవరి పాపము? పుట్టుకను బట్టి మనిషికి ఎక్కువ తక్కువలు అంటగట్టరాదని 12వ శతాబ్దమున బసవేశ్వరుడు కల్యాణమున బోధించెను. బీదరు జిల్లాలోని ఆ కల్యాణము మనకు పొరుగే. కులము విషయమున ఒప్పుకొన్న మాటను రోగము విషయమున మరచుట తగదు. కర్మమని తలచుటచే ఓర్పు కలుగునని కొందరందురు. కలుగవచ్చును. కాని తనకు తాను చెప్పుకొను ఓదార్పు వేరు, ఇతరుని నెత్తిన రుద్దు తీర్పు వేరు.

దోషము లేదన్నంత మాత్రమున ధర్మము లేదని కాదు. రోగి మొదటి ధర్మము తన పాదములయెడల. పిక్క కండరములు బిగిసినపుడెల్ల కాలిలోని రక్తము పైకి సాగును. అవి బలహీనపడినచో నీరు క్రిందనే నిలిచి వాపు కలుగును. కావున పని నడుమ కూర్చుండి కాళ్లను ఎత్తుగా ఉంచవలెను. చీలమండలను మెల్లగా ఆడింపవలెను. ఈ వ్యాధిలో విచిత్రమేమనగా, మండుచున్న పాదమే ముల్లు గ్రుచ్చుకొన్నను ఎరుగదు. ఎండవేళ గుడి ముంగిట తాండూరు బండలపై వట్టికాళ్లతో నిలిచిన, బొబ్బ లేచువరకు తెలియదు. వేడినీటి కాపడమును ఇట్టిదే. ప్రతి రాత్రి అరికాళ్లను అద్దములో చూచుకొనవలెను. వెడల్పైన మెత్తని చెప్పులు, అవసరమైన క్యాలిపర్లు ధరించుట సిగ్గు కాదు. ఒక్క కాలే హఠాత్తుగా వాచి, ఎర్రనై, వేడెక్కినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. ఎముక విరుగుటయో, రక్తము గడ్డకట్టుటయో, చీము పట్టుటయో కావచ్చును.

రెండవ ధర్మము సత్యము. మూలమును తొలగించు మందు ఇంతవరకు రాలేదు. కాని వ్యాధిని గుర్తించు పరీక్షలు కలవు. హైదరాబాదు నిమ్స్‌లో నాడీవైద్య, జన్యువైద్య విభాగములు రెండును ఉన్నవి. తెలిసినదానిని పెండ్లి మాటలనాడు దాచుట ఎదుటివారికి చేయు అన్యాయము. అయితే నిజము చెప్పిన ఇంటిని వెలివేయు ఊరిలో ఎవరు నిజము చెప్పుదురు? దాచువాని తప్పులో మనకును పాలు కలదు.

కావున మూడవ ధర్మము మనదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 విధములలో దీర్ఘకాలిక నాడీవ్యాధులును కలవు. చట్టము గుర్తించినదానిని ఇరుగుపొరుగు గుర్తింపవలదా? కాయకమనగా కాళ్లరుగ తిరుగుట మాత్రమే కాదు. శరణుడు నులియ చందయ్య త్రాళ్లు పేని కాయకము నడపెను. నిలువలేనివానికి కూర్చుండి చేయు పని చూపుట దయ కాదు, న్యాయము. నొప్పి కంటికి కనబడదు. "నొచ్చుచున్నది" అన్న మాటకు ఋజువు అడుగక ముందుగా పీట వేయుడు. పిమ్మట అతని మాట వినుడు.