నయం కానివాళ్ల స్తుతి

పెంతెకొస్తు ఆరాధన గురించి పట్నంలో మాట్లాడుకునేది ఎక్కువగా శబ్దం గురించే. కీబోర్డు, ప్యాడ్స్, చెవులు పగిలే మైకు, ఏడుపులు, అన్యభాషలు. "ఇదంతా నాటకం" అని ఒకరంటారు. "ఆత్మ దిగితే ఇలానే ఉంటుంది" అని ఇంకొకరు. ఇద్దరూ కొలుస్తున్నది బయటికి వినపడేదాన్నే కదా!

భద్రాచలం వైపు చూస్తే ఈ కొలత ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలో కోయల మధ్య మిషన్ మొదలవడానికి కారకుడు, అక్కడ ఆనకట్ట పనులు చూసిన ఇంజనీరు హేగ్. ఆ ఆంగ్లికన్ పద్ధతిలో ఆరాధన అంటే పుస్తకం చూసి చదివే ప్రార్థన, ఒక క్రమం. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ క్రమం కోయవాళ్లకి ఎంత సొంతమో, ఇవాళ్టి కీబోర్డూ అంతే సొంతం. పైగా అడవి అంచున వారమంతా కూలికెళ్లే మనిషికి గొంతెత్తి ఏడవడానికి దొరికే చోటు అదొక్కటే కావచ్చు.

మరి దేన్ని చూడాలి? నా ఉద్దేశంలో, సాక్ష్యాలు చెప్పే సమయాన్ని. జ్వరం తగ్గినవాళ్లు, అప్పు తీరినవాళ్లు లేచి మాట్లాడతారు. ఏజెన్సీలో మలేరియా కొత్త మాట కాదు. ప్రార్థన చేసినా జ్వరం తగ్గనివాళ్లకి ఆ మైకు ఇస్తారా? లేక "నీకు విశ్వాసం చాల్లేదు" అని ఇంకో బరువు నెత్తిన పెడతారా? ఆ మాటకి భయపడి ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యమైతే, సంగతి ప్రాణం మీదికొస్తుంది.

బైబిల్ మాత్రం వాళ్లకి చోటిచ్చింది. 150 కీర్తనల్లో మొరలు బోలెడు. 88వ కీర్తన ఓదార్పు లేకుండా చీకట్లోనే ముగుస్తుంది. తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. ఆ సంగతి దాచుకోకుండా కొరింథు సంఘానికి రాశాడు.

"ఇలాంటివి వింటే జనం విశ్వాసం సడలదా?" అని పాస్టర్లు అడగొచ్చు. నిజమే, ఆశ లేకుండా ఎవరూ గుడి దాకా రారు. కానీ అందుకున్నవాళ్లే మాట్లాడే చోట స్తుతి మెల్లగా బేరమైపోతుంది. ఏమీ అందకపోయినా వచ్చి, "ఎందుకిలా?" అని దేవుణ్ణే నిలదీసే మనిషి దగ్గర ఆ బేరం లేదు. అలాంటి మనిషిని ముందు వరసలో కూర్చోనిచ్చే సంఘం ఎంత గట్టిగా పాడుకున్నా నాకు అభ్యంతరం లేదు.