అనుదిన జీవితములో దైవసన్నిధి

దేవుడు అంతట నున్నాడని మనము చిన్ననాటనే ఆదివారపు బడిలో నేర్చుకొంటిమి. అడిగినవారికి తడుముకొనక చెప్పగలము. కాని సోమవారమున చేలోనో, సంతలోనో, పొయ్యి యెదుటనో ఆయన ఎక్కడ నున్నాడని అడిగినయెడల తడబడుదుము. ఆరాధనలోను ఏకాంత ప్రార్థనలోను ఆయన దొరకుననియు, తక్కిన గంటలు మనవేననియు లోలోపల తలంచుచున్నాము.

మన అచ్చంపేటకు ఎగువన కృష్ణయొడ్డున కొల్లూరు అను గ్రామముండెను. ఇప్పుడది పులిచింతల జలాశయపు పాలైనది. 17వ శతాబ్దములో అచ్చట వజ్రపు గనులుండెను. కోహినూరు అక్కడిదేయని చెప్పువారును కలరు. టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు ఆ గనులను చూచి, అచ్చట 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. పురుషులు త్రవ్వుచుండగా స్త్రీలును పిల్లలును మన్ను మోయుచుండిరట. వజ్రములు ఏ రాజుల చేతులలోనికి పోయెనో గ్రంథములు చెప్పును. తట్ట మోసిన తల్లులలో ఒక్కతె పేరైనను మనకు తెలియదు.

దైవసన్నిధిని మనమును వజ్రమును వెదకినట్లే వెదకుదుము. ఉజ్జీవకూటములో కన్నీరు కార్చిన రాత్రి, ఆశ వదలుకొన్న రోగి లేచి కూర్చుండిన ఉదయము, ఇవి మనకు వజ్రములు. తక్కిన దినములన్నియు పారబోయవలసిన మన్ను!

ఆ వర్తకుని కాలమునందే, ఆయన దేశమునందే, పారిసు నగరములోని కర్మెలీయ మఠములో లారెన్స్ అను సహోదరుడు వంట చేయుచుండెను. యుద్ధములో గాయపడి కుంటివాడైన సిపాయి అతడు. వంటపని యనిన అతనికి స్వభావసిద్ధముగనే అయిష్టము. మన ప్రసంగికులు ఈ సంగతి విడిచిపెట్టి, అతడు నవ్వుచు గరిటె త్రిప్పినట్లు చెప్పుదురు. మొదటి పదియేండ్లు తాను మిక్కిలి బాధపడితినని అతడే లేఖలో చెప్పుకొనెను. 1691లో అతడు మరణించిన తరువాత ఆ లేఖలును సంభాషణలును చిన్న పుస్తకముగా వెలువడెను. అతని సాధన యేమనగా, తలంపు దారి తప్పినప్పుడెల్ల గొడవపడక మరల ప్రభువు తట్టు తిరుగుట. మనస్సుకు హాయి కలిగెనా లేదా యని అతడు లెక్కచూడలేదు. తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్రతీరమున నిప్పులమీద చేపలు సిద్ధపరచి, రాత్రియంతయు శ్రమపడిన శిష్యులను భోజనమునకు పిలిచెను గదా. అంతటి మహిమగలవానికి పొయ్యి పని హీనముగా తోచలేదు.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. దేవుడు నీ పనిలోనే యున్నాడను మాటను లారెన్స్ తనకు తాను చెప్పుకొనెను. అదే మాట చేనుగలవాడు కూలిమనిషితో చెప్పినప్పుడు దాని రుచి మారిపోవును. మిరపకోతల కాలమున మన చేలలో స్త్రీలు ఎండ ముదరకముందే దిగుదురు. కారము ఘాటునకు వ్రేళ్లు మండును. ఇంటికి పోయి చంటిబిడ్డను తాకుటకైనను జంకుదురు. కల్లములో తాలుకాయలు ఏరుచు దగ్గుదురు. ఆ మంటలో దేవుడున్నాడని గట్టున నీడపట్టున నిలుచున్నవాడు బోధింపవచ్చునా? కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే చెల్లింపవలెనని ధర్మశాస్త్రము విధించినది. బిగబట్టిన కూలియే మొఱ్ఱపెట్టునని యాకోబు హెచ్చరించెను.

1876–78 నాటి కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లఫ్ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని యిచ్చిరి. బోధకులే మేస్త్రీలైరి. కూలి చెల్లించుచునే వాక్యము చెప్పిరి గాని, కరవు దినములలో బాప్తిస్మములు నిలిపివేసిరి. తరువాత 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. మనవారు ఈ సంఖ్యనే చెప్పుకొందురు. నాకు మాత్రము ఆ కాలువగట్టు ఎక్కువ ముఖ్యముగా తోచును.

ఇంత వ్రాసినవాడను నా సంగతి దాచరాదు. ఒక ఏటి మిరపకోతలలో, సాయంకాలమున నేను తలుపు మూసికొని ప్రార్థించుచుంటిని. ఆ దినము మనస్సు బహు నెమ్మదిగా నుండెను. ప్రభువు సమీపముగా నున్నట్లు తోచి, లేవబుద్ధిగాక ప్రార్థన పొడిగించితిని. బయట ఎవరో దగ్గిరి. వినియు విననట్లుంటిని. తలుపు తెరచునప్పటికి చీకటిపడినది. మా చేలో కాయ కోసిన ముసలామె మెట్ల ప్రక్కన నిలిచియుండెను. వ్రేళ్లకు పాతగుడ్డ పేలికలు చుట్టుకొనియున్నది.

“పిలవకపోయావా, పెద్దమ్మా?” అంటిని.

“ప్రార్థనలో ఉంటివి గదా బాబూ, ఎట్టా పిలిచేది? కొట్టు కట్టేసుంటాడు. బియ్యం రేప్పొద్దున తెచ్చుకుంటాలే” అన్నది.

డబ్బు లెక్కపెట్టి చాపితిని. నోట్లు పట్టుకొనుటకు వ్రేళ్లు వంగక ఆమె కొంగు పట్టెను. అందులో వేసితిని. లోపల నేను అంత సమీపముగా నున్నాడనుకొన్నవాడు ఆ గంటసేపు తలుపునకు ఏ ప్రక్కన నిలిచియుండెను? ఆమె ముఖము చూచుటకు నాకు ధైర్యము చాలలేదు.

చెప్పులు తొడుగుకొని ఆమెతోకూడ కొట్టు దాక నడచితిని. మూసియున్నది. సందులోనుండి వెనుకకు పోయి, కొట్టువాని ఇంటి తలుపు తట్టితిని.