సత్యపక్షమునకు అసత్యసాక్ష్యము తగునా?

మంచి పక్షమును నిలుపుటకై సాక్ష్యమునకు కొంచెము వన్నె పెట్టుట దోషమా యని సంస్కరణాభిమానులు కొందఱు ప్రశ్నింతురు. ఫలము మంచిదైనచో బాధ యేమని వారి భావము. ఈ ప్రశ్నను పరీక్షించుటకు తగిన యుదాహరణ మొకటి జీవశాస్త్రచరిత్రయందే కలదు.

జన్మముచేతనే మనుష్యులలో ఉచ్చనీచములు కలుగుననువారికి సమాధానముగా గర్భస్థపిండముయొక్క వృద్ధిక్రమమును చూపువారు కలరు. ఇది వినదగిన వాదమే. కోడిగ్రుడ్డు పొదుగబడు 21 దినములలో రెండవ దినముననే గుండె కొట్టుకొన నారంభించును. మూడవ దినమునాటికి కంఠప్రదేశమున ఇరుప్రక్కల గట్లవంటి మడతలు కానవచ్చును. నాలుగైదు వారముల మనుష్యపిండమునందును అట్టివే కలవు. చేపయందు అవి మొప్పలను భరించును. మనుష్యునియందు ఎన్నడును మొప్పలు కావు. దవడ, చెవిలోని చిన్న యెముకలు, కంఠనాళపు మృదులాస్థులు వానినుండి యేర్పడును. వెన్నెముకగల జంతువులన్నిటికిని శరీరనిర్మాణపు మూలరేఖ యొక్కటే యనుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము అరుదు.

ఈ శాస్త్రమునకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేయరు. క్షీరదముల అండమును 1827లో కనుగొన్న పండితుడీతడే. 1828లో ప్రకటించిన గ్రంథమున నాతడొక వింతసంగతి వ్రాసెను. మద్యసారమున భద్రపఱచిన రెండు చిన్న పిండములకు పేరు వ్రాయుట మఱచెనట. అవి బల్లివో, పక్షివో, క్షీరదమువో తానే పోల్చుకొనలేకపోయెనట. తన మఱపును దాచక చెప్పుటచేత నాతని మాటకు ఎంత బలము వచ్చినదో చూడుడు.

నలువది సంవత్సరములకు, 1868లో, యేనా నగరపు ఆచార్యుడు ఎర్న్‌స్ట్ హెకెలు ఇదే సంగతిని సామాన్యజనులకు తెలుపబూని, కుక్క, కోడి, తాబేలు అను మూటి పిండములను ప్రక్కప్రక్కన ముద్రింపించెను. మూడును ఒకే చెక్కయచ్చునుండి తీసినవి! బాసెలు నగరపు పండితుడు రూటిమేయరు దీనిని బయటపెట్టెను. 1870 నాటి రెండవ కూర్పున హెకెలు ఆ మూటికి మాఱుగా ఒక్క పటమునే యుంచెను. అయినను 1874లో వేఱొక గ్రంథమున ఎనిమిది జంతువుల పిండములను భేదములు తగ్గించియే చిత్రించెను. 1997లో మైకేల్ రిచర్డ్‌సన్ మొదలగువారు నిజమైన పిండముల ఛాయాచిత్రములను వానితో పోల్చి చూపగా, పరిమాణమునందును ఆకారమునందును హెకెలు చూపని భేదములు పెక్కు తేలినవి. మొట్టమొదటి దశలలో సామ్యమే తక్కువ. కప్పగ్రుడ్డు సాంతముగా రెండై, నాలుగై విభాగమగును. కోడిగ్రుడ్డున పచ్చసొనపైనున్న చిన్న బిళ్ళ మాత్రమే విభాగమగును. పోలిక నడిమి దశయందే హెచ్చు.

జంతువుల బంధుత్వము నిజమే కదా, పటము కల్లయైన నేమి యని మిత్రులందురు. ఆ బంధుత్వము నిజమే. కాని చదువరి నమ్మినది దానిని గాదు, హెకెలు చెక్కను. విరోధులు ఆ కల్లను పట్టుకొని నిజమును గూడ త్రోసివేయుట నేటికిని మానలేదు. ఇది లాభనష్టముల లెక్క. మాకు తోచిన దోషము వేఱు. విచారింపుమని ఒకనిని పిలిచి, విచారించుటకు వలయు సాధనమునే చెఱచి వాని చేతికిచ్చుట ద్రోహము. శబ్దప్రమాణమును విడిచి స్వబుద్ధితో చూడుమని బోధించు బ్రాహ్మసమాజమువారికి ఇది బొత్తిగా తగదు.

అదిగాక, పిండములు సమానములు గనుక మనుష్యులు సమానులన్నచో, కోడిపిల్లయు మనతో సమానమని ఒప్పుకొనవలసివచ్చును. పిండము హక్కులను బోధింపదు. మనుష్యుని గౌరవమునకు మూలమును అంతరాత్మయందే వెదకవలెను. పిండము చేయగలది ఒక్క యబద్ధమును ఖండించుట. ద్విజుని పిండమునకును, పంచముడని దూరముంచబడినవాని పిండమునకును భేదము చూపగల సూక్ష్మదర్శిని లేదు. ఆ మాత్రపు సాక్ష్యము చాలును, దానికి వన్నెలక్కఱలేదు.

జంతువులను వర్గీకరించిన లినేయసు 1758లో మనుష్యులందఱకు ఒక్క జాతినామమే పెట్టెనని చెప్పుటయు కలదు. నిజమే. కాని ఆతడే ఆ పేరుక్రింద ఖండమునకొక తెగ చొప్పున విభజించి, ఒక తెగవారు తెలివిగలవారనియు, మఱియొక తెగవారు సోమరులనియు వ్రాసెను. అది శాస్త్రము కాదు, ఆతని కాలపు దురభిమానము. లినేయసును సాక్షిగా పిలుచువారు ఆ పుటను గూడ సభలో చదివి వినిపింపవలెను.