షిబ్బోలెతు

ధ్యాన భాగము: న్యాయాధిపతులు 12:1-6



నంద్యాల బస్టాండులో ఒకరు "ఆళ్లగడ్డ" అందురు, మరియొకరు "అల్లగడ్డ" అందురు. ఇద్దరును ఎక్కిన బస్సు ఒకే ఊరు చేరును. బస్సునకున్న ఈపాటి ఓర్పు, ఆ రెండు ఊళ్ల నడుమనున్న మా చిన్న సంఘములో లేకపోయెనని దుఃఖముతో వ్రాయుచున్నాము.

గత మాసములో ఒక ఆదివారమున, రాత్రిబడిలో అక్షరములు నేర్చిన ఒక కూలి సహోదరి మొదటిసారి లేచి వాక్యము చదివెను. భాగము గలతీయులకు 5వ అధ్యాయము, ఆత్మఫలమును గూర్చినది. "సంతోషము"ను "సంతోసము" అనియు, "దీర్ఘశాంతము"ను "దీర్గసాంతము" అనియు పలికెను. వెనుక బెంచీలలో నవ్వు పుట్టెను. మేమును చిరునవ్వు దాచుకొంటిమి. ఆమె చూచెను. మరుసటి ఆదివారము ఆమె రాలేదు. దీర్ఘశాంతమును గూర్చి వినుచున్న వేళనే మనకది లేకపోయెను.

అప్పుడు మాకు యొర్దాను రేవుల సంగతి జ్ఞప్తికి వచ్చెను. గిలాదువారు దాటగోరిన ప్రతివానిని "షిబ్బోలెతు" పలుకుమనిరి. ఎఫ్రాయిమువారికి "ష" నోరు తిరుగక "సిబ్బోలెతు" అనిరి. ఆ కాలమున వారిలో 42,000 మంది కూలిరి. ఇంతకు ఆ హెబ్రీ మాటకు అర్థమేమి? ధాన్యపు వెన్ను, మన జొన్నకంకి వంటిది. ప్రవాహమనియు మరియొక అర్థము కలదు. ఆదికాండము 41లో ఫరో కలగనిన వెన్నులకును ఈ మాటయే వాడబడెను. యోసేపు దినములలో జనులను కరవునుండి తప్పించిన కలలోని మాట, యొర్దాను రేవున కత్తి ఆయెను. 1876-78 నాటి ధాత కరవు చూచిన ఈ సీమలో కంకి విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

"ష"కును "స"కును ఎంత దూరము? హెబ్రీ "షాలోము", అరబీ "సలాము" ఒకే మూలమునుండి పుట్టిన అక్కచెల్లెండ్రు. మన వీధిలోని ముస్లిము సహోదరుని సలాములో సమాధానము తక్కువైనదా? మన వ్యాకరణమే దోషమునకు "దోసము", సంతోషమునకు "సంతసము" వికృతులని ఒప్పుకొనుచున్నది. బడిలో పిల్లలు వల్లించు మాటల వంటి మాటకు దేవాలయములో నవ్వేల? పేతురు పలుకు కూడ అతడు గలిలయుడని పట్టియిచ్చెను (మత్తయి 26:73). ఆ నాలుకనే ప్రభువు పెంతెకొస్తు దినమున వాడుకొనెను.

సరిగా చదువుట నేర్పవద్దనుట లేదు. ప్రక్కన కూర్చుండి, ప్రేమతో నేర్పుడి.

మేము ఆమె యింటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి. "నాకు నోరు తిరగదయ్యగారూ, ఏం జేసేది?" అనెను. "అమ్మా, తిరుగవలసినది మా మనస్సు" అంటిమి. మరల చదువుమని బ్రతిమాలితిమి, ఆలోచించెదననెను.

ఆమె వచ్చి, "సంతోసము" అని చదివినయెడల, మనమందరము "ఆమేన్" అందము. అదియు హెబ్రీ మాటయే. నిశ్చయమని దాని భావము. ఎన్ని నాలుకలు ఎన్ని విధములుగా పలికినను తండ్రి దానిని ఆలకించుచునే యున్నాడు.