అమ్ముడుపోవు మాట



అంగడివాడు "నా సరుకు మేలైనది" అనిన మనము పరీక్షింతుము. తోబుట్టువు "నేను వాడితిని, గుణమిచ్చినది" అనిన పరీక్షింపకయే నమ్ముదుము. సరుకు ఒక్కటే, మాటలోనే భేదమున్నది.

యూట్యూబు, ఇన్‌స్టాగ్రాములలో సంస్థల కొరకు ప్రచారము చేయు ఇన్‌ఫ్లుయెన్సర్లు ఈ భేదమును బాగుగా నెరుగుదురు. వారు "కొనుడు" అని చెప్పరు. "అక్కలారా, నేను వాడునది ఇదియే" అందురు. "నేను" అను మాట సాక్ష్యమువలె వినబడును. "మనము" అను మాట బంధుత్వమును కలిగించును. "మేలు కలుగవచ్చును" అనుటకు మారుగా "ఏడు దినములలో తప్పక" అనిన, ఆ లెక్కయే రుజువుగా తోచును. "ఈ రాత్రితో సరి" అను మాట ఆలోచించుటకు వ్యవధి నీయదు.

ఇట్టి మాటల ఫలమును మన తెలుగునాట చూచితిమి. బెట్టింగు యాప్‌లను "ఆట" అనియు, పందెమును "సంపాదన" అనియు పిలిచి యువకులను ఆకర్షించిరన్న ఆరోపణలు వచ్చినవి. 2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు అట్టి ప్రచారకులపై కేసులు నమోదు చేసిరి. అదే సంవత్సరము ఆగస్టులో సొమ్ము పందెపు ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధించు కేంద్ర చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించినది.

సొమ్ము పుచ్చుకొని సరుకును గూర్చి చెప్పుట తప్పా? కాదు. అదియు నొక కాయకమే. బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమును నిర్వహించినవాడు. న్యాయమైన కూలిని ఆయన నిందింపలేదు. నుడియు నడయు ఒక్కటి కావలెననుటయే ఆయన బోధ. కూలిని దాచి స్నేహమని పలికిన చోట నుడి వేరు, నడ వేరు. అట్టి పని కాయకము కాజాలదు.

లౌకిక శాసనమును ఇదియే కోరుచున్నది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము, ప్రతిఫలము పొందినవారు ఆ సంగతిని సరళముగా, స్పష్టముగా తెలుపవలెను. హ్యాష్‌ట్యాగుల గుంపులో మరుగుపరుపరాదు. వీడియోలలో అది కంటికి కనబడవలెను, చెవికి వినబడవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మరల చేసిన 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును.

కాని ప్రతి నాలుకకును చట్టము కావలి కాయలేదు. "అక్కా" అను పిలుపు అంగడి పాలైనచో, రేపు నిజమైన అక్క మేలుకోరి చెప్పు మాటను ఎవరు విందురు? నష్టము రూపాయలతో తీరదు.

కావున గృహస్థులారా, అట్టి మాట చెవినబడినప్పుడు పిల్లలతో కూర్చుండి విచారింపుడు: ఇది చెప్పినవారికి కూలి యిచ్చినదెవరు? "తప్పక" అనుటకు ఆధారమేమి? తొందరపెట్టుట ఎందులకు? మన యువకులలో ఈ వృత్తి చేపట్టినవారు "ఇది ప్రకటన" అను మాటను మొదటనే పలుకుదురు గాక. దానివలన కొందరు కొనకపోవచ్చును. అయినను ఇష్టలింగమును ధరించిన దేహమునుండి వెలువడు మాట నిలుచును.