ముంచిన చేయి, ఎత్తిన చేయి

ఒక చేతితో హింస చేసి మరియొక చేతితో దయ చూపిన మానవుని ఎట్లు తూచవలెను? దయ హింసను కొట్టివేయునా? లేక హింస దయను వ్యర్థము చేయునా? చిట్టా ఆవర్జాలలో జమ, ఖర్చు వ్రాసి, ఒకదానిలోనుండి మరియొకదానిని తీసివేసి నిల్వ తేల్చుట వర్తక కుటుంబములకు పుట్టుకతో వచ్చిన విద్య. కర్మ లెక్క కూడ ఇట్లే తేలునని తలచువారు పెక్కుమంది కలరు. ఈ తలంపును పరీక్షించుటకు రెండవ ప్రపంచయుద్ధకాలపు జర్మను నావికుడొకని చరిత్ర మిక్కిలి తగినది.

వెర్నర్ హార్టెన్‌స్టైన్ 1908లో జర్మనీలోని ప్లావెన్ పట్టణమున జన్మించెను. నౌకాదళమున చేరి, 1941లో యు-156 అను జలాంతర్గామికి అధిపతి అయ్యెను. జలాంతర్గామి పని పొంచియుండి కొట్టుట. కొట్టువానికి చచ్చువాని ముఖము సాధారణముగా కనబడదు. 1942 ఫిబ్రవరిలో అరూబా ద్వీపముకడ ఆయన నూనె ఓడలను కొట్టెను. మొత్తముమీద ఆయన ముంచిన ఓడలు ఇరువదికి దగ్గరగా ఉండును.

1942 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి, ఆఫ్రికా పడమటి తీరమునకు దూరముగా, బ్రిటిషువారి లకోనియా అను పెద్ద ఓడను ఆయన టార్పెడోలతో కొట్టెను. ఓడపై ఫిరంగులుండెను, సైనికులుండిరి. కనుక యుద్ధనీతి ప్రకారము అది కొట్టదగిన ఓడయే. కాని అందున్న సుమారు 2,700 మందిలో 1,800 మంది వరకు ఇటలీ దేశపు యుద్ధఖైదీలు, అనగా జర్మనీకి మిత్రులు. స్త్రీలు, పసిపిల్లలు కూడ ఉండిరి. ఓడ మునిగిన తరువాత చీకటిలో నీటిపై నుండి ఇటాలియను భాషలో ఆర్తనాదములు జర్మనుల చెవిని బడెను.

హార్టెన్‌స్టైన్ వెంటనే మునిగినవారిని పైకి లాగింప నారంభించెను. మొదట జాలి స్వపక్షమువారిపై కలిగినదే కావచ్చును; కాని అది అచ్చట ఆగలేదు. బ్రిటిషు స్త్రీలు, పిల్లలు కూడ ఆ జలాంతర్గామిలో ఆశ్రయము పొందిరి. పడవలను త్రాళ్లతో కట్టి, ఆహారము, నీరు పంచిపెట్టిరి. 13వ తేదీ ఉదయమున ఆయన ఆంగ్లభాషలో, రహస్యలిపి లేకుండ, తానున్న స్థానమును రేడియోలో ప్రకటించి, తనను కొట్టనియెడల సాయమునకు వచ్చు ఏ ఓడనైనను తాను కొట్టనని మాట ఇచ్చెను. జలాంతర్గామికి మరుగే ప్రాణము. ఆ మరుగును ఆయన తానుగా వదలుకొనెను. మరి రెండు జర్మను జలాంతర్గాములు, ఒక ఇటలీ జలాంతర్గామి సాయమునకు వచ్చెను.

16వ తేదీన అసెన్షన్ ద్వీపము నుండి అమెరికను విమానమొకటి వచ్చెను. హార్టెన్‌స్టైన్ రెడ్‌క్రాసు గుర్తుగల పెద్ద గుడ్డను పైన పరపించియుండెను. వైమానికుడు పై అధికారులను అడుగగా, కొట్టుమని ఆజ్ఞ వచ్చెను. బాంబులు పడెను; పడవలలోనివారు కొందరు మరణించిరి. హార్టెన్‌స్టైన్ త్రాళ్లు తెగగొట్టించి, ఎక్కించుకొన్నవారిని మరల పడవలలోనికి, నీటిలోనికి దింపి, తన నావను కాపాడుకొనెను. తుదకు ఫ్రెంచి ఓడలు వచ్చి పెక్కుమందిని ఎక్కించుకొనెను. బ్రతికినవారు సుమారు 1,100 మంది.

మరునాడు జర్మను జలాంతర్గాముల అధిపతి డ్యోనిట్సు ఒక ఆజ్ఞ పంపెను. మునిగిన ఓడలవారిని రక్షించు ప్రయత్నమెల్ల ఇక మానవలెనని, కఠినముగా నుండవలెనని దాని సారాంశము. హార్టెన్‌స్టైన్ 1943లో మరల వేటకు బయలుదేరెను. ఆ మార్చి 8వ తేదీన బార్బడోసు ద్వీపమునకు తూర్పున అమెరికను విమానము వేసిన బాంబులకు ఆ నావ మునిగెను. అందున్న 53 మందిలో ఒక్కరును మిగులలేదు.

ఈయనను ధర్మదృష్టితో ఏమనవలెను? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ప్రమాదముతో కూడిన ప్రవృత్తిచే ప్రాణములను హరించుటయే హింస అని నిర్వచించినది. వేములవాడ చాళుక్యుల ఆశ్రయమున నుండిన సోమదేవసూరి 959లో ముగించిన యశస్తిలకమున దీనికి చక్కని ఉపమానము కలదు. జాలరి ఒకనాడు ఒక్క చేపనైనను పట్టకున్నను పాపియే. దున్నువాడు నాగలిక్రింద జీవులు చచ్చినను అట్టివాడు కాడు. సంకల్పములోని భేదమే ఇందులకు కారణము. దీనినిబట్టి చూడగా పొంచియున్న హార్టెన్‌స్టైన్ జాలరియే. యుద్ధనీతి ఆయనను నిర్దోషి యనవచ్చును. ఆస్రవము యుద్ధనీతిని అడిగి రాదు.

అయినను పడవలకు త్రాళ్లు కట్టిన ఆ దినములు అబద్ధము కావు. శత్రువును ఎత్తుకొన్న అనుకంప నిజమైన అనుకంపయే. జైనశాస్త్రము పుణ్యబంధమును వేరుగా, పాపబంధమును వేరుగా చెప్పినది. రెండును తమతమ ఫలమునిచ్చును. ఆ దయ లకోనియాపై వదలిన టార్పెడోను వెనుకకు తేలేదు. ఆ టార్పెడో శిశువునకిచ్చిన పాలను విషము చేయలేదు. పాపము క్షయమగుటకు దానము మాత్రము చాలదు. పశ్చాత్తాపము, తపస్సు, మరల ఆ పని చేయననెడి నియమము కావలెను. ప్రతిక్రమణమనగా వెనుకకు మరలుట. హార్టెన్‌స్టైన్ ఆగెను, మరలలేదు.

తప్పు ఆయన ఒక్కనిదే అనుటయు న్యాయము కాదు. చేయుట, చేయించుట, అనుమోదించుట అని హింసకు మూడు ద్వారములు. ద్వీపమునుండి కొట్టుమన్న అధికారి నీటిలోని తల్లులను చూడలేదు. దయను నిషేధించిన సేనాపతి తన కార్యాలయమున నుండెను. 1946లో నూరెంబర్గు న్యాయస్థానము డ్యోనిట్సునకు పది సంవత్సరముల శిక్ష విధించెను. మునిగినవారిని చంపుమని ఆయన ఆజ్ఞాపించినట్లు నిశ్చయముగా రుజువు కాలేదనియు, ఆ ఆజ్ఞలు మాత్రము తీవ్రముగా గర్హింపదగినవనియు చెప్పెను. జలాంతర్గాముల యుద్ధమున బ్రిటిషు, అమెరికను పక్షములు కూడ కఠినమైన ఆజ్ఞలిచ్చియుండుటచే, శిక్షను నిర్ణయించునపుడు ఆ నేరమును లెక్కింపలేదు. అనేకాంతదృష్టి ఇట్టి అన్ని పక్షములను చూడుమనును. కాని ఒకరి తప్పు మరియొకరి తప్పును మాపునని ఎన్నడును చెప్పదు.

వ్యాపారమున టార్పెడోలు లేవు. తక్కువ తూకము, దొంగసొత్తు కొనుగోలు అచౌర్యవ్రతమునకు అతిచారములుగా చెప్పబడినవి. నష్టపోయినవాని ముఖము తరచుగా అంగడిలో కూర్చున్నవానికి కనబడదు. అట్టి లాభములో కొంత పింజరాపోలునకు, ధర్మశాలకు ఇచ్చినపుడు ఆ పశువుల ఆకలి నిజముగానే తీరును. ఆ దానమునకు ఫలము కలదు. తూకములో మోసపోయినవాని సొమ్ము మాత్రము అతనికి చేరదు. సంవత్సరీ ప్రతిక్రమణమునకు కూర్చుండు శ్రావకుడు ఆ సంవత్సరపు చందాల రసీదులకంటె ముందు తన త్రాసును చూచుకొనుట మేలు. అందు తేడా కనబడినచో, సొమ్ము ఎవరిదో వారికి తిరిగి ఇచ్చి, పిమ్మట క్షమాపణ కోరవలెను.